ఏ తల్లి ప్రార్థనకు జవాబు?

పిల్లలు పెద్దవాళ్లవుతున్న కొద్దీ క్రైస్తవ తల్లుల ప్రార్థనలో ఒక కొత్త మనవి చేరుతుంది. కొడుక్కు భక్తిగల భార్యను, కూతురికి మంచి భర్తను దయచేయమని! మనవి మంచిదే. కానీ ఆ భక్తిని దేనితో కొలుస్తున్నాం?

అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకుకు వధువును వెదకమని తన దాసుణ్ణి పంపాడు (ఆదికాండము 24వ అధ్యాయం). బావి దగ్గర ఆ దాసుడు అందాన్నీ, ఆస్తినీ కోరలేదు. తాను నీళ్లడిగితే ఒంటెలకు కూడా పెట్టే అమ్మాయిని చూపించమని ప్రార్థించాడు. దప్పిగొన్న ఒంటె ఒక్కసారే వంద లీటర్లదాకా తాగగలదు. అక్కడున్నవి పది ఒంటెలు! రిబ్కా వాటన్నిటికీ పరుగుపరుగున చేదిపోసింది. పరదేశి పట్ల కనికరమే ఆమె యోగ్యత. పైగా ఆ పెళ్లికి కానుకలు తెచ్చింది వరుడి తరఫువారే. బయల్దేరేముందు రిబ్కాను పిలిచి ఆమె ఇష్టాన్నీ అడిగారు.

మన దేశంలో కట్నం 1961 నుంచి చట్టరీత్యా నేరం. అయినా ప్రార్థనతో మొదలైన పెళ్లిచూపులు కట్నం బేరంతో ముగిసే ఇళ్లు విశ్వాసుల్లోనూ ఉన్నాయి.

అమ్మా, ఎక్కడో మరో తల్లి కూడా మోకాళ్ల మీద ఉంది. ఆమె అడుగుతున్న అల్లుడు మీ ఇంట్లోనే పెరుగుతుండవచ్చు. తిన్న కంచం తానే తీయడం, చెల్లెలి మాటకు విలువివ్వడం, పరుల సొమ్ముకు చేయి చాపకపోవడం అతనికి నేర్పుతున్నారా? మంచి కోడలి కోసం చేసే ప్రార్థన కొడుకు పెంపకంతోనే మొదలవ్వాలి.