పదహారు రోజుల కూలితో బాలింత ఎన్నాళ్లు కూర్చుంటుంది?

మిరప కోతల కాలంలో గుంటూరు, పల్నాడు చేలల్లోకి ఒకసారి వెళ్లి చూడండి. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చిన కూలి కుటుంబాలు చేను గట్టునే పట్టాలు కప్పుకుని నెలల తరబడి కాపురం చేస్తుంటాయి. ఆ పట్టాల కింద చూలింతలుంటారు, పచ్చి బాలింతలుంటారు. చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి, పెద్దపిల్లను కాపలా పెట్టి తల్లి సాళ్లలోకి దిగుతుంది. కోత కూలి కిలోల లెక్కన. ఎన్ని కిలోలు కోస్తే అంత డబ్బు. నెలలు నిండిన మనిషి వంగలేదు. వంగకపోతే సంచి నిండదు. సంచి నిండకపోతే ఆ రోజు ఆమెకు కూలి లేదు.

సొంతూళ్లో ఆశా కార్యకర్త దగ్గర ఆమె పేరు రాయించుకునే ఉంటుంది. కార్డు కూడా ఇచ్చి ఉంటారు. కానీ వలస వచ్చిన ఊళ్లో ఏఎన్‌ఎం పుస్తకంలో ఆమె పేరు లేదు. సొంతూరి పుస్తకంలో పేరుంది, మనిషి లేదు. నాలుగో నెలలో చూడాల్సిన రక్తపోటు ఎవరు చూడాలి? ఏడో నెలలో నెత్తురు తక్కువైందని ఎవరు చెప్పాలి? ఏ పుస్తకంలో వెతికినా ఆ మూడు నెలలు ఖాళీగానే కనపడతాయి.

మరి ప్రభుత్వాల దగ్గర ఉన్న లెక్కలేం చెబుతున్నాయి? బాగుపడ్డామని చెబుతున్నాయి. అది అబద్ధం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001–03 నాటికి ప్రతి లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కు, తెలంగాణలో 43కు దిగింది. దేశం మొత్తం మీద ఆ కాలానికి 97. 2005లో వచ్చిన 108 బండి, ఊరూరా తిరిగిన ఆశాలు, అర్ధరాత్రి కాన్పులు చేసిన ప్రభుత్వాసుపత్రుల నర్సులు, వీళ్ల చెమట ఉంది ఆ అంకెల్లో. ఎవరో మంత్రి పుణ్యం కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి.

అయినా 45 అంటే ఎంతమంది? ఆంధ్రప్రదేశ్‌లో ఏటా కాన్పులు లక్షల్లో ఉంటాయి. ఆ లెక్కన ఏడాదికి మూడు వందల మందికి పైగా తల్లులు. దాదాపు రోజుకొకరు. వాళ్లెవరు? రెండెకరాల రైతు భార్యా, కూలికి పోయే దళిత స్త్రీయా, మన్యంలో పోడు చేసుకునే ఆమా, వలస పోయి తిరిగొచ్చిన ఆమా? ఈ ప్రశ్న వేస్తే జవాబు దొరకదు. ఎందుకంటే ఈ 45 అనే అంకె నమూనా సర్వే నుంచి వచ్చింది. ఎంపిక చేసిన కొన్ని ఊళ్లు, వార్డుల్లో పుట్టుకలూ చావులూ రాసుకుని, మూడేళ్లవి కలిపి రాష్ట్రానికొక అంకె ప్రకటిస్తారు. అందులో జిల్లా లేదు, కులం లేదు, చేసే పని లేదు. కూలి మనిషి చావు, కలెక్టరు భార్య క్షేమం, రెండూ కలిసి ఒక సగటు అవుతాయి. ఇక పదేళ్లకోసారి జరగాల్సిన జనాభా లెక్క 2021లో జరగనే లేదు. ఆ ఏటి నమూనాల్నీ, కేటాయింపుల్నీ 2011 నాటి జనాన్ని పెట్టుకునే వేశారు.

కూలివాళ్లను విడిగా లెక్కపెడితే ఏం బయటపడుతుందో మహారాష్ట్రలో ఒకసారి తేలింది. బీడ్ జిల్లా నుంచి ఏటా లక్షలాది మంది చెరకు నరకడానికి వలస పోతారు. అక్కడ మొగుడూ పెళ్లాం కలిసి ఒక జంటగా మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకోవాలి. ఒక రోజు పని మానితే జరిమానా. నెలసరి వచ్చినా, కడుపు నొప్పి వచ్చినా కత్తి పట్టాల్సిందే. చేలో మరుగు లేదు, నీళ్లు లేవు, జబ్బులొస్తాయి. డాక్టరు దగ్గరికి పోతే గర్భసంచి తీసేస్తే బాధ ఉండదంటాడు. తీయించుకుంటే పని మానక్కర్లేదని మేస్త్రీకీ ఇష్టమే. ఆపరేషన్ ఖర్చుకు మళ్లీ అతని దగ్గరే అప్పు. ఇది ఏళ్ల తరబడి సాగింది. ఊళ్లో అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం లేదు. గొడవ పెరిగి 2019లో ప్రభుత్వం కమిటీ వేసి చెరకు కూలి స్త్రీలను విడిగా లెక్కపెట్టించింది. 82,309 మందిని అడిగితే 13,861 మందికి గర్భసంచి లేదు. ఆరుగురిలో ఒకరికి. సర్వేలో 'చెరకు నరికే ఆడది' అనే గడి పెట్టకపోయి ఉంటే ఆ జిల్లా సగటులో ఈ సంగతి మునిగిపోయేది.

మన దగ్గరేమీ తక్కువ కాదు. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. అందులో పత్తి, మిరప కూలీలు ఎందరో ఎవరూ గడి పెట్టి లెక్కించలేదు. అనవసర ఆపరేషన్లపై పర్యవేక్షణ మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లాలో ఆ కమిటీ ఉందా, ఎప్పుడు కూర్చుంది అని జిల్లా వైద్యాధికారిని అడిగే హక్కు మనకుంది.

డబ్బు సంగతి

లెక్కలో లేని మనిషికి బడ్జెట్లో డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ చాలా స్పష్టంగా రాసింది. సర్కారీ కొలువుల్లో ఉన్నవాళ్లు, వేరే చట్టం కింద ఇలాంటి ప్రయోజనం దొరికేవాళ్లు తప్ప ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలి. మొదటి కాన్పు, రెండో కాన్పు అనే తేడా ఆ సెక్షన్‌లో లేదు. నాలుగేళ్లు గడిచాక 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన వచ్చింది. ఇచ్చేది 5,000. అదీ మొదటి కాన్పుకే. మిగతా వెయ్యి ఆసుపత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష డబ్బుతో సరిపెట్టుకోమన్నారు. అదైనా మన ప్రాంతాల్లో పల్లె తల్లికి 700 రూపాయలే. 2022 నుంచి రెండో బిడ్డకూ ఇస్తామన్నారు, ఆడపిల్ల పుడితేనే. రెండోసారి మగపిల్లవాడు పుడితే ఆ తల్లికి నొప్పులు రావా, నడుం నొయ్యదా?

చట్టం వచ్చిన 2013–14లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 149 రూపాయలు. అప్పటి 6,000 అంటే నలభై రోజుల కూలి. 2025–26లో ఆ కూలి 307కు వచ్చింది. అదే 6,000 ఇరవై రోజులకు కూడా చాలదు. చేతికొచ్చే 5,000 అయితే పదహారు రోజులు. చట్టంలో అంకె మారలేదు, దాని విలువ సగానికి సగం కరిగిపోయింది. నలభై రోజుల కూలి నిలవాలంటేనే ఇప్పుడు 12,000కు పైగా కావాలి. కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు, వారానికి ఆరు రోజుల లెక్కన కూర్చోబెట్టాలంటే 22,000 పైమాటే. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల్లో ఉద్యోగం చేసే స్త్రీకి 2017 సవరణతో 26 వారాల జీతం సెలవిచ్చారు. మంచిదే. ఆమె పోరాడి సాధించుకున్నది. నాట్లు వేసే ఆమెకు మాత్రం పదహారు రోజులు.

'డబ్బెక్కడుంది?' అని అడుగుతారు. దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా కాన్పులు. చట్టం ప్రకారం ఒక్కొక్కరికి 6,000 వేసినా 12,000 కోట్లకు తగ్గదు. కేంద్రం వంతు 60 శాతం, అంటే 7,200 కోట్లు. 2017–18లో ఈ పథకానికి కేటాయించింది 2,700 కోట్లు. 2024–25లో దీన్నీ, మహిళల హాస్టళ్ల వంటి మరికొన్నింటినీ ఒకే పద్దులో కలిపి చూపిందే సుమారు 2,517 కోట్లు. డబ్బు తక్కువ పెట్టుకున్నారు కాబట్టి మనుషుల్ని తగ్గించాలి. అందుకే మొదటి కాన్పు షరతు. అందుకే ఆధార్‌లో పుట్టింటి పేరొకటి, బ్యాంకులో అత్తింటి పేరొకటి ఉంటే వాయిదా ఆగిపోవడం. వలస పోయిన ఆమె టీకా తేదీ నమోదు కాలేదని రెండో వాయిదా పోవడం.

తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరుతో ఉన్న ప్రసూతి సాయం 1987లో 300 రూపాయలతో మొదలైంది. 2006లో 6,000 చేశారు, 2011లో 12,000, తర్వాత సామగ్రితో కలిపి 18,000. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు తిట్టుకున్నాయి, పథకం మాత్రం పెరుగుతూ వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రభుత్వాసుపత్రి కాన్పుకు మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 అని పెట్టారు. ఆ రోజుల్లో సర్కారు ఆసుపత్రులకు జనం తిరిగి వచ్చారు కూడా. ఆ తర్వాత వాయిదాలు నెలల తరబడి ఆగాయన్న ఫిర్యాదులు వచ్చాయి. ఒకరి బొమ్మతో వచ్చిన పథకానికి ఆ బొమ్మ దిగిపోయాక దిక్కెవరు? కూలి ధర పెరిగినప్పుడల్లా తానుగా పెరిగేలా, ఏ నెల ఆగినా అడగగలిగేలా రాష్ట్ర చట్టంలోనే రాయాలి.

లెక్కలున్నా డబ్బు దారి తప్పే చోటు ఇంకొకటుంది. 2019–21 సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కడుపు కోసి చేసినవే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. ఈ అంకెలు అందరి దగ్గరా ఉన్నాయి. కడుపు కోసినామె నెలల తరబడి బరువెత్తకూడదు. ఎత్తకుండా ఏ కూలి మనిషి ఉండగలదు? అప్పు వడ్డీ కట్టడానికే పత్తి చేలోకి పోవాలి. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి మించిన స్త్రీలకు నెత్తురు తక్కువ. ఐరన్ మాత్ర ఇచ్చామంటారు. ఆ మాత్ర పరగడుపున ఎలా మింగాలో మాత్రం చెప్పరు.

చావును దాచకుండా

కేరళలో 2004 నుంచి కాన్పుల డాక్టర్ల సంఘం, ప్రభుత్వం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. కాన్పులో తల్లి చనిపోతే డాక్టరు పేరూ, ఆసుపత్రి పేరూ బయటపెట్టకుండా ఎందుకు చనిపోయిందో వివరంగా రాసి చర్చిస్తారు. ఎవరిని ఉరి తీద్దామని కాదు కాబట్టి నిజం రాస్తారు. ఆ కాగితాలన్నీ కలిపి చూస్తే కాన్పు తర్వాత ఆగని రక్తస్రావమే ముఖ్య కారణాల్లో మొదటి వరసలో కనపడింది. దాని మీద శిక్షణ, పద్ధతులు ఏర్పాటు చేసుకున్నారు. 2018–20లో అక్కడ లక్షకు 19 మంది.

ప్రతి తల్లి చావునూ సమీక్షించాలని మన దగ్గరా ఉత్తర్వులున్నాయి. ఊళ్లో చావు జరిగితే మొదట తెలియజేయాల్సింది ఆశానే. అదే ఆశాను 'నీ ఊళ్లో ఎలా చనిపోయింది?' అని మొదట గద్దించేదీ పైవాళ్లే. అలాంటప్పుడు బలం ఉన్న చోట 'గుండెపోటు' అని, బలం లేని చోట 'ఆలస్యంగా తెచ్చారు' అని రాసుకుంటారు. బండి ఎంతసేపటికి వచ్చింది, ఏ ఆసుపత్రి నుంచి ఏ ఆసుపత్రికి తిప్పారు, రక్తం సీసా దొరికిందా అని ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడిగేదెవరు? ఆశాలకు ఫోన్లో యాప్‌లు పెరిగాయి, రాసే రిజిస్టర్లు తగ్గలేదు. చేసిన పనికి తగిన జీతం కోసం వాళ్లు ఇప్పటికీ రోడ్డెక్కుతున్నారు. ఆకలితో ఉన్న మనిషి చేత నమోదు చేయించి మంచి లెక్క కావాలంటే ఎలా వస్తుంది?

ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి మనవాళ్లు సామాజిక తనిఖీ నేర్చుకున్నారు. గ్రామసభలో మస్టరు చదివితే చనిపోయినవాడి పేరున కూలి పడ్డట్టు తేలేది, పనిచేసిన ఆమె పేరు లేనట్టు తేలేది. చదువు రాని ఆడవాళ్లే లేచి నిలబడి 'ఆ వారం నేను చేశాను' అన్నారు. ప్రసూతి డబ్బుకూ అదే చేయొచ్చు. కూలి సంఘం దగ్గర ఒక నోటు పుస్తకం చాలు. ఈ ఏడాది మన వాడలో చూలింతలెవరు, కార్డు ఇచ్చారా, వలస ఎప్పుడు పోయింది, ఏ ఊరికి, ఎన్ని వాయిదాలు పడ్డాయి, కాన్పు ఎక్కడ, ఎంత అప్పయింది, ఎన్నో రోజున మళ్లీ పనికి దిగింది. చివరి గడి ఏ సర్కారు రిజిస్టరులోనూ లేదు. అది మనమే రాసుకోవాలి. జబ్బుల వివరాలు అందరి ముందూ చదవకూడదు. పేరు, వాయిదా, తేదీ చాలు.

మిరప కోతలకు బండ్లు కదలకముందే ఆ పుస్తకంతో అంగన్వాడీ దగ్గరికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ వెళ్లి, పోయే చోటి ఏఎన్‌ఎంకు పేర్లు పంపమని అడగండి. పంపినట్టు రసీదు మీద సంతకం చేయించుకోండి.