ఏరుటయు, సేకరించుటయు



ఇంగ్లీషున 'గ్యాదర్' అను క్రియ యొకటి కలదు. పటమటలో నాయొద్ద చదువుకొన్న పిల్లలలో ఎవరి నడిగినను, దాని కర్థము 'సేకరించుట' యని తడుముకొనక చెప్పుదురు. ఆ పాఠము చెప్పినవాడను నేనే. ఆ యర్థము చాలదని నాకు నేర్పినవాడు పండ్రెండేండ్ల బాలుడు.

ఒకనాడు తరగతిలో తెనుగుచేయుటకై ఒక వాక్యము ఇచ్చితిని. కోత ముగిసిన చేనిలో ఒక స్త్రీ, రాలిన కంకులను 'గ్యాదర్' చేసెనని దాని భావము. అందఱును 'సేకరించెను' అని వ్రాసిరి. ఈ బాలుడొక్కడు 'పరిగ ఏరుకొనెను' అని వ్రాసినాడు. ఇది వాడుకమాట, పరీక్షలో పనికిరాదని తలచి, ఎఱ్ఱసిరాతో కొట్టివేసి పైని 'సేకరించెను' అని దిద్దితిని. వాడు లేచి నిలిచి, "పంతులుగారండీ, మా అమ్మ పరిగ ఏరుకొంటుందండీ. సేకరించదండీ" అనెను. తరగతి యంతయు నవ్వినది. కూర్చుండుమంటిని. సాయంకాలము ఇంటికి పోవునప్పుడు మాత్రము ఆ మాట నన్ను విడువలేదు.

ఇంగ్లీషువారి క్రియకును, 'కలిసి' యను నర్థముగల వారి 'టుగెదర్' అను మాటకును మూలము ఒక్కటే. విడివిడిగా నున్నవి ఒకచోట చేరినచో వారి కది చాలును. చేరినది పువ్వయినను, జనమైనను, మబ్బయినను క్రియ మాఱదు. మన భాష అట్లు కాదు. చేయి ఏమి చేసినదో, వస్తువు ఎక్కడ నుండెనో విచారించి కాని మాట నియ్యదు. కొమ్మనున్న పువ్వును కోయుదుము. చెట్టుక్రింద రాలిన పొగడపువ్వును ఏరుదుము. రెండును పూజకే పోవును, బుట్టయు నొక్కటియే, అయినను మాటలు వేఱు. కట్టెపుల్లలు ఏరుదుము, పేడ ఎత్తుదుము, ధనము కూడబెట్టుదుము, ఉత్సవమునకు చందాలు దండుదుము. జనులు గుమిగూడుదురు, ఈగలు మూగును, చీమలు పట్టును, మబ్బులు కమ్మును, అటకమీది పుస్తకముపై దుమ్ము పేరుకొనును. బండి వేగము పుంజుకొనును. పుంజమనగా రాశియే కదా. స్త్రీలు చీరకు పోయు కుచ్చెళ్లకు కూడ ఇంగ్లీషువారు ఈ మాటనే వాడుదురు. ఒకరి మాటలనుబట్టి ఒక సంగతి ఊహించినప్పుడును వారికి ఇదే క్రియ. మనము 'గ్రహించితిమి' అందుము.

బియ్యములో రాళ్లు ఏరుటయు నున్నది. అక్కడ ఏరినది పాఱవేయుదుము, ఏరనిది వండుకొందుము! కావున 'ఏరుట' యనగా పోగుచేయుట మాత్రమే కాదు, కన్నుపెట్టి వేఱుచేయుట. 'సేకరించుట'లో ఈ కన్ను కానరాదు.

ఇక పరిగ సంగతి. కృష్ణాకాలువల క్రింద వరి పండించిన పెద్దలకు దీనిని నేను చెప్పనక్కఱలేదు. వరి కోసి పనలు వేయుదురు, ఆరినపిదప కట్టలు కట్టి కుప్ప వేయుదురు. అప్పుడు చేనిలో రాలి మిగిలిన కంకులే పరిగ. కట్టలు కుప్పకు చేరువఱకు పరిగవారు గట్టుమీదనే కూర్చుండి యుండుట నా చిన్ననాట చూచితిని. కట్టలు లేవకముందు అడుగుపెట్టిన అది దొంగతనము. లేచినపిదప అదే కంకి బీదవాని సొమ్ము. ఒక్క గడియ యెడములో కంకి చేతులు మాఱుచున్నది. 'పరిగ ఏరుట' యను రెండు మాటలలో ఈ ధర్మశాస్త్రమంతయు నిమిడియున్నది. నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేసినది దీనినే.

సంస్కృతమునను దీనికి పేరు కలదు. గింజగింజగా ఏరుకొనుట ఉంఛము, కంకులుగా ఏరుకొనుట శిలము. భారతమున అశ్వమేధపర్వమందలి సక్తుప్రస్థుడు ఉంఛవృత్తితోనే భార్యను, కొడుకును, కోడలిని పోషించెను. ఆకలితో నుండియు ఆ నలుగురు తమ పేలపిండినంతయు అతిథికి పెట్టిరి. ఆ పిండిలో పొరలిన ముంగిసకు దేహము సగము బంగారమయ్యెను. తక్కిన సగమునకై అది ధర్మరాజు యాగశాలలో పొరలినను ఫలము లేకపోయెను. పరిగగింజ ముందు రాజుగారి కోశాగారము చిన్నపోయినది.

ఆ రాత్రి నాకు మఱియొకటి జ్ఞాపకము వచ్చినది. గురువుగారియొద్ద పాణిని సూత్రములు వల్లించినవాడను; అష్టాధ్యాయి మూడవ అధ్యాయము మూడవ పాదమున నలువదియవ సూత్రము చదివియు ఇన్నేండ్లు మఱచియుంటిని. పోగుచేయుట యను నర్థముగల 'చి' ధాతువును గూర్చిన విధి అది. పువ్వులను చేతి కందునట్లు చేతితోనే కోసికొన్నచో పుష్పప్రచాయము, దీర్ఘముతో. చేతి కందని కొమ్మనుండి కఱ్ఱతో రాల్చినను, దొంగిలించినను ప్రచయమే, హ్రస్వముతో. దొంగతనము కానప్పుడే ఈ విధి వర్తించునని సూత్రమందే యున్నది. చేయి నిజాయితీ గలదో కాదో వ్యాకరణము అడుగుచున్నది! ఇట్టి ప్రశ్న యడిగిన సూత్రము మఱియొకటి నాకు తోచలేదు.

ఇంగ్లండులోను పూర్వము బీదలు కోసిన చేలలో కంకు లేరుకొనువారు. ఆ పనికి వారికి 'గ్లీన్' అని ప్రత్యేకమైన మాటయే కలదు. 1788లో అక్కడి న్యాయస్థానమొకటి, దేశపు సామాన్యన్యాయమున అట్టి హక్కు బీదలకు లేదని తీర్పు చెప్పినది. అయినను పెక్కు గ్రామములలో ఆచారము ఆ పిమ్మటను సాగినది. తీర్పుకన్న మాటకే ఆయువు ఎక్కువ.

ఇప్పటి పిల్లలు పువ్వులనుగూడ 'కలెక్ట్ చేసినాము' అనుచున్నారు. ఆ మాటకు లాటినులో మూలమైన ధాతువునకు ఏరుట, చదువుట అను రెండర్థములు కలవు. బడిపంతులుకు ముచ్చటగొలుపు సంగతియే. కాని మన దేశమున ఆ మాట ప్రజల కెఱుకపడినది కలెక్టరుగారితో. 1772లో వారన్ హేస్టింగ్స్ ఆ పదవిని ఏర్పఱచినప్పుడు అది శిస్తు వసూలు చేయుటకే. వసూలు, అరబ్బీమాట, ఇయ్యవలసినవానినుండి రాబట్టుట. పువ్వు మనకు శిస్తు బాకీ లేదు.

నేడు వరికోత యంత్రము కోయుచునే నూర్చివేయుచున్నది. ఏరుకొనుటకు కంకి మిగులుట అరుదు. పటమట చేలు వీథులైనవి. ఇప్పుడు పరిగ యనిన మా వీథిలో ముసలివారికే తెలియును.

మరునాడు ఆ బాలుని పుస్తకము తెప్పించుకొంటిని. నేను దిద్దిన 'సేకరించెను' మీద గీత గీచి, వాడు వ్రాసిన దానిని ప్రక్కను తిరిగి వ్రాసితిని. ఎఱ్ఱసిరామీద ఎఱ్ఱసిరా పడి పుట పాడైనది. వాడు చాలసేపు దానివంక చూచి, "అయితే మార్కు వేస్తారాండీ?" అని యడిగెను.

వేసితిని.