దాచుకోవాల్సింది ఏది, పంచాల్సింది ఏది?



మన ఫోన్లలో సమాచారానికి కొదవ లేదు. గూళ్ల రేట్లు, చాకీ పట్టికలు, ఊజీ ఈగ కట్టడి, ఆకు తెగుళ్లు, అన్నీ ఉన్నాయి. కావలసిన పొద్దు దొరకవు, అదే చిక్కు. మంచి పేజీ కనబడగానే గ్రూపులో పడేస్తాం. పది రోజులకు అది పండగ శుభాకాంక్షల కింద పూడిపోతుంది. అందుకే ఏది మన దగ్గర పెట్టుకోవాలో, ఏది పదిమందికి పంపాలో ఈసారి చూద్దాం.

*దాచుకునే దారులు రెండు*

క్రోమ్‌లో పేజీ తెరిచాక పైమూలన మూడు చుక్కలు నొక్కండి. నక్షత్రం గుర్తు బుక్‌మార్క్. అది పేజీని దాచదు, దాని అడ్రసును మాత్రమే దాస్తుంది. నెట్ ఉండాలి, కానీ తెరిచిన ప్రతిసారీ ఆ పొద్దు పేజీలో ఉన్నదే చూపిస్తుంది. రామనగర, శిడ్లఘట్ట మార్కెట్ రేట్ల పేజీలకు ఇదే సరి.

కిందికి చూపే బాణం గుర్తు డౌన్‌లోడ్. పేజీ ఆ రోజు ఎట్లుందో అట్లే ఫోన్లోకి దిగుతుంది. సిగ్నల్ అందని షెడ్డులో కూడా చదువుకోవచ్చు. షెడ్డు కడిగే మందు పాళ్లు, వేడి, తేమ పట్టికలు ఇట్లా దించి పెట్టుకోవాలి.

ఒక జాగ్రత్త. గూగుల్ అకౌంటులో సింక్ పెట్టకపోతే ఫోను పోయిన రోజు బుక్‌మార్కులూ పోతాయి.

*పంచేటప్పుడు ఎక్కడ దెబ్బ తింటాం?*

స్క్రీన్‌షాట్ దగ్గర. పేజీలో సగం ముక్క వస్తుంది, తేదీ రాదు, పైనున్న శీర్షిక రాదు. చాకీ పురుగులకు 27–28 డిగ్రీల వేడి, 80–90 శాతం తేమ కావాలి. నాలుగో జ్వరం లేచిన పురుగులకు 24–25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. 'చాకీ' అనే మాట తెగిపోయిన బొమ్మ చూసి పెద్ద పురుగుల షెడ్డును వేడి చేసి, తేమ పెంచితే సప్పె రోగానికి తలుపు తీసినట్టే. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి దశలోనే తింటుంది. అప్పుడు పంట పోతే ఆకూ, కూలీ, అప్పూ అన్నీ నెత్తిన పడతాయి.

రేట్లూ అంతే. నిన్నటి సీబీ రేటా, ఈ పొద్దు బైవోల్టైన్ రేటా తెలియని బొమ్మను నమ్మి లాటు తీసుకెళ్తే బండి బాడుగే మిగులుతుంది. మెసేజ్ మీద రెండు బాణాలు కనబడితే అది చాలా చేతులు మారి వచ్చిందని గుర్తు. చేతులు మారినంత మాత్రాన నిజమైపోదు.

*అయితే పంచడం మానాలా?*

మానకూడదు. 2003లో అమెరికాలో జాషువా షాక్టర్ 'డెలీషియస్' అనే సైటు మొదలుపెట్టాడు. జనం తమ కోసం దాచుకున్న పేజీలకు తలా ఒక గుర్తుమాట తగిలించేవారు. ఆ మాట పట్టుకుని ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా అదే పేజీ వెతుక్కునేవారు. 2005లో యాహూ కొన్నది, తర్వాత చేతులు మారింది, 2017కల్లా కొత్తగా దాచుకునే వీలే పోయింది. ఇందులో మనకు రెండు పాఠాలు: పంచేటప్పుడు గుర్తుమాట కావాలి, మన సరుకు మన దగ్గర కూడా ఉండాలి.

కాబట్టి బొమ్మ కాదు, లింకు పంపండి. దాని కింద ఒక్క వాక్యం రాయండి: ఏ రకం పురుగులకు, ఏ దశకు, ఏ తేదీది. పేజీ కన్నడంలోనో తమిళంలోనో ఉంటే సారం తెలుగులో చెప్పండి. తెలుగు అక్షరాలు రానివాళ్లకు వాయిస్ పెట్టండి.

ఇంకొక మాట. చాలా ఇళ్లల్లో ఆకు వేసేది ఆడవాళ్లు, ఫోను ఉండేది మగవాళ్ల జేబులో. గ్రూపుకు పంపే ముందు షెడ్డులో ఉన్న మనిషికి పంపండి. ఆమెకు ఫోను లేకుంటే పట్టికను పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకు అంటించండి. దానికి నెట్ అక్కర్లేదు.