చెరకు తోట వేరు, చక్కెర మూట వేరు: రేర్ ఎర్త్ షేర్ల కథ

2022 దాకా విశాఖ జిల్లాలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న మా చోడవరంలో చదువు రానివాళ్ళకి కూడా ఒక ఇంజనీరింగ్ పదం తెలుసు. రికవరీ. వంద కిలోల చెరకు ఆడితే ఎన్ని కిలోల చక్కెర దిగింది అన్న లెక్క అది. తొమ్మిదో పదో వస్తే మంచి చెరకు కిందే లెక్క. తోట పచ్చగా ఉందని ఎవరూ చక్కెర లెక్క కట్టరు. గోవాడ ఫ్యాక్టరీ చుట్టుపక్కల పెరిగిన ఏ రైతునడిగినా ఇదే చెప్తాడు.

ఈ మాట ఎందుకెత్తానంటే, ఈమధ్య మన గ్రూపుల్లో రేర్ ఎర్త్ షేర్ల గోల ఎక్కువైంది. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్‌ల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. కార్ల కంపెనీలకి మోటార్లలో వాడే అయస్కాంతాలు దొరకలేదు. దాంతో ప్రతివాడూ "తర్వాతి బంగారం ఇదే" అనేశాడు. ఆఖరికి మా అక్క మొగుడు కూడా ఫోన్ చేసి, "బామ్మర్దీ, మన భీమిలి ఇసకలోనే ఉందటగా! చెరకు డబ్బులు చేతిలో ఉన్నాయి, ఓ యాభై వేలు పెట్టీమంటావేటి?" అన్నాడు. ఆ యాభై వేలు వచ్చే పంట పెట్టుబడి. అందుకే సరదాగా జవాబు చెప్పలేకపోయాను. కూర్చుని చదివాను. చదివింది మీకూ చెప్తున్నాను.

అరుదు కాని అరుదైనవి

రేర్ ఎర్త్‌లంటే 17 మూలకాలు: లాంథనైడ్లు పదిహేను, వాటితో పాటు స్కాండియం, ఇట్రియం. పేరులో 'అరుదు' ఉంది గానీ, సీరియం భూమి పొరలో ఇంచుమించు రాగి ఉన్నంత ఉంటుంది. ఇబ్బందల్లా అవి ఒకేచోట దండిగా పోగుపడి దొరక్కపోవడం. దొరికినా అన్నీ కలిసే దొరుకుతాయి. ఒకే రకం చార్జి, ఇంచుమించు ఒకే సైజు అయాన్లు కాబట్టి కవల పిల్లల్లా ఉంటాయి. వాటిని విడదీయడానికి సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్‌ని వందల దశల్లో చేయాలి. అసలు ఖర్చూ కష్టమూ అక్కడే. చైనా బలమూ అక్కడే ఉంది: ప్రపంచం మొత్తంలో తవ్వేదాంట్లో దాదాపు 70 శాతం, శుద్ధి చేసేదాంట్లో దాదాపు 90 శాతం దానిదే.

పైగా పదిహేడింటికీ ఒకే ధర పలకదు. లాంథనం, సీరియం చవక. డబ్బు తెచ్చేవి అయస్కాంతాలకి పనికొచ్చే నియోడిమియం, ప్రసియోడిమియం, డిస్ప్రోసియం, టెర్బియం. "మా దగ్గర ఇన్ని లక్షల టన్నుల రేర్ ఎర్త్‌లున్నాయి" అని ఏ కంపెనీ అయినా చెప్తే, అందులో ఈ నాలుగూ ఎంత అని అడగాలి.

మన ఇసక మాటేమిటి?

బావ విన్నది అబద్ధం కాదు. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం తీరం దాకా ఇసకలో మోనజైట్ ఉంది. దేశంలో మోనజైట్ నిల్వలు సుమారు 1.3 కోట్ల టన్నులని అణుఖనిజాల విభాగం అంచనా. రాష్ట్రాల్లో పెద్ద వాటా ఆంధ్రదే. అయితే మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది. అందుకే అది అణుఇంధన చట్టం కిందకి వస్తుంది, ప్రైవేటు కంపెనీ తవ్వడానికి లేదు. ఆ పని ప్రధానంగా చేసే ఐఆర్‌ఈఎల్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఒడిశా ఛత్రపురంలో మోనజైట్‌ని కరిగిస్తుంది, కేరళ అలువాలో మూలకాలు విడదీస్తుంది. స్టాక్ మార్కెట్లో దాని షేరు లేదు. అంటే మన ఇసకని చూపించి ఎవడైనా షేరు అమ్ముతున్నాడంటే, ముందు వాడికి ఆ ఇసక మీద ఏం హక్కుందో అడగాలి.

అనంతపురం సంగతి కూడా విన్నారుగా? 2023లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అక్కడి రాళ్ళలో రేర్ ఎర్త్‌లు గుర్తించారు. గొప్ప విషయమే. కానీ రాయిలో మూలకం కనబడటం ఒకటి, గని రావడం మరొకటి. అదే ఏడాది చట్టం మార్చి, యురేనియం, థోరియం లేని రేర్ ఎర్త్‌ల అన్వేషణకి ప్రైవేటు వాళ్ళకి దారి తెరిచారు. కాబట్టి రేపు ఇక్కడా అన్వేషణ కంపెనీలు రావచ్చు. అందుకే ఇప్పుడే తెలుసుకోవాలి.

అన్వేషణ కంపెనీ ఏం అమ్ముతుంది?

గని ఉన్న కంపెనీ ఖనిజం అమ్ముతుంది. అన్వేషణ కంపెనీకి అమ్మడానికి ఇంకా ఏమీ లేదు, షేర్లు తప్ప. ఆ డబ్బుతో డ్రిల్లింగ్ చేస్తుంది. డబ్బైపోతే మళ్ళీ కొత్త షేర్లు వేస్తుంది. అప్పుడు కంపెనీలో పాతవాళ్ళ వాటా పలచబడుతుంది. పది గుంటలు తవ్వితే 'ఊహిత వనరు', ఇంకా దగ్గర దగ్గరగా తవ్వితే 'సూచిత', ఆ తర్వాత 'నిర్ధారిత'. లాభానికి తవ్వొచ్చని సాంకేతిక, ఆర్థిక అధ్యయనాల్లో తేలాకే దాన్ని 'నిల్వ' అనాలి. ఎక్కువ కంపెనీలు ఆ చివరి మెట్టుకి చేరవు. చేరినవాటికీ గని తెరవడానికి పదేళ్ళు దాటడం మామూలే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మొదటి గుంట తవ్వకముందే లాభాల గ్రాఫులు వచ్చేస్తాయి.

గని ఉన్నా గ్యారంటీ లేదు. అమెరికాలో మోలీకార్ప్ చేతిలో మౌంటెన్ పాస్ లాంటి పేరున్న గని ఉంది. 2010లో షేరు 14 డాలర్లకి మార్కెట్లోకి వచ్చింది. చైనా ఎగుమతులు బిగించడంతో 2011లో 70 డాలర్లు దాటింది. తర్వాత ధరలు కూలాయి, 2015 జూన్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే గని ఇప్పుడు ఎంపీ మెటీరియల్స్ చేతిలో ఉంది. 2025లో అమెరికా రక్షణ శాఖ స్వయంగా వాటా కొని, కిలోకి 110 డాలర్ల కనీస ధర హామీ ఇచ్చింది. చెరకుకి మద్దతు ధర లాంటిదే. చైనా తలచుకుంటే ధర పడగొట్టగలదని అంత పెద్ద దేశమే భయపడుతుంటే, ఒక చిన్న కంపెనీ ఏ ధైర్యంతో నిలబడుతుంది?

బావకి పంపిన ప్రశ్నలు

1. ఆ నేల మీద కంపెనీకి ఉన్నది అన్వేషణ హక్కా, తవ్వకం హక్కా?
2. చెప్తున్నది వనరా, నిల్వా?
3. అయస్కాంత మూలకాల వాటా ఎంత? రికవరీ ఎంత?
4. ఏ ఖనిజం? థోరియం ఉంటే దాన్ని ఎక్కడ పెడతారు?
5. విడదీసే ప్లాంటు ఎవరిది? కొనేవాడితో ఒప్పందం ఉందా?
6. చేతిలో డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుంది?
7. కంపెనీకి అసలు ఆదాయం దేన్నించి వస్తోంది? ఉదాహరణకి గుజరాత్ ప్రభుత్వ ఖనిజ సంస్థ జీఎండీసీకి అంబాడుంగర్ రేర్ ఎర్త్ ప్రాజెక్టు ఉంది, కానీ ఆదాయం ప్రధానంగా లిగ్నైట్ మీద. ఆ షేరు కొంటే ఎక్కువగా కొన్నది బొగ్గునే.

ఏడింటికీ జవాబు దొరికినా, పోయినా ఇల్లు కదలని డబ్బే ఇందులో పెట్టాలి. పంట పెట్టుబడి అలాంటి డబ్బు కాదు.

రేర్ ఎర్త్‌లు పనికిరావని నేననడం లేదు. మా జిల్లాలోనే, అచ్యుతాపురం దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం ఆవరణలో ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు పెట్టింది. 2023 మే 11న జాతికి అంకితమైంది. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోల సమారియం-కోబాల్ట్ అయస్కాంతాలు. 2025 జనవరిలో కేంద్రం కీలక ఖనిజాల మిషన్‌కి 16,300 కోట్లు ఆమోదించింది. ఈ రంగంలో మన దేశానికి తక్కువైంది మట్టి కాదు, విడదీసే పనితనం, అయస్కాంతం చేసే పనితనం. కెమికల్, మెటలర్జీ బ్రాంచిల వాళ్ళు ఈ మాట కాస్త గట్టిగా పట్టించుకోండి. షేరు కొనడానికి మన దగ్గర డబ్బు లేకపోవచ్చు, నేర్చుకోవడానికి ఇంకా సెమిస్టర్లున్నాయి.