పది సెంట్ల పుస్తకానికి పదికి ఎన్ని మార్కులు?

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఎల్బో లేక్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ ఒకాయన 10,100 డాలర్లకు ఒక పాత ఇల్లు కొన్నాడు. బాగుచేద్దామని గోడలు పగలగొడుతుంటే, చలి లోపలికి రాకుండా కుక్కిన పాత వార్తాపత్రికల మధ్య ఒక బొమ్మల పుస్తకం దొరికింది. అట్ట మీద ఎర్ర కండువా వేసుకున్న మనిషి ఆకుపచ్చ కారును అమాంతం పైకెత్తి బండకేసి బాదుతున్నాడు. అది యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, 1938 జూన్ నాటిది, వెల పది సెంట్లు. సూపర్‌మ్యాన్ లోకానికి తొలిసారి కనిపించింది అందులోనే. దొరికిన సంబరం ఎంతోసేపు నిలవలేదు. చుట్టాల మధ్య జరిగిన చిన్న లాగులాటలో వెనక అట్ట చిరిగింది.

ఆ తర్వాత పుస్తకం పరీక్షకు వెళ్లింది. పదికి ఒకటిన్నర మార్కులు వచ్చాయి. చిరగకపోయి ఉంటే మూడు వచ్చేవని, ఆ ఒక్క చిరుగు ఖరీదు సుమారు 75,000 డాలర్లని దాన్ని వేలానికి పెట్టినవాళ్లు లెక్కగట్టారు.

కాగితం పుస్తకానికి మార్కులేమిటి? వేసేదెవరు? ఒక చిరుగు ధర అంతంత ఎలా అవుతుంది?

బంగారానికి హాల్‌మార్క్, కామిక్స్‌కు స్లాబ్

అమెరికాలో పాత కామిక్స్ వ్యాపారం 1960ల నుంచే ఊపందుకుంది. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ 1970లో ధరల పుస్తకం తెచ్చాక ఏ సంచిక ఏ స్థితిలో ఉంటే ఎంత పలుకుతుందో అందరికీ ఒక అందాజా దొరికింది. అయితే ఆ స్థితిని నిర్ణయించేది అమ్మేవాడే. తన దగ్గరున్నప్పుడు ‘కొత్తదానిలా ఉంది’ అంటాడు. అదే పుస్తకాన్ని కొనాల్సి వస్తే ‘అట్ట నలిగిందండీ’ అంటాడు. ఎదురుగా నిలబడి చూసి కొనే రోజుల్లో ఇది ఎలాగో నడిచింది. ఇంటర్నెట్ వేలాలు వచ్చి, ముఖం తెలియని మనిషికి వేల డాలర్లు పంపే రోజులు వచ్చేసరికి ఆ నమ్మకం చాలలేదు.

నాణేల వాళ్లు ఈ చిక్కును ముందే విప్పారు. 1980లలోనే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు నాణేన్ని పరిశీలించి, గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇవ్వడం మొదలుపెట్టాయి. మన దగ్గర నాణేలు, నోట్లు సేకరించేవారికి ఎన్‌జీసీ, పీఎంజీ అన్న పేర్లు తెలిసినవే. ఎన్‌జీసీ కుటుంబం నుంచే 2000లో సీజీసీ, అంటే సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ, కామిక్స్ కోసం వెలిసింది. అక్కడి తొలి ప్రధాన గ్రేడర్ స్టీవ్ బోరాక్ 2014లో సీబీసీఎస్ అనే పోటీ సంస్థ పెట్టాడు. మార్కెట్లో పెద్ద పేరు మాత్రం ఇప్పటికీ సీజీసీదే.

పుస్తకం అక్కడికి చేరాక ముందు పుటలు లెక్కపెడతారు. రంగు పూశారా, అంచులు కత్తిరించారా, చిరుగు అతికారా అని వెతుకుతారు. ఒకరికి మించిన గ్రేడర్లు విడివిడిగా చూసి మార్కు వేస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేస్తారు. మనకు స్లాబ్ అంటే ఇంటి పైకప్పు. కామిక్స్ లోకంలో స్లాబ్ అంటే ఈ పెట్టె. దాని నెత్తిన ఉండే లేబుల్ మీద గ్రేడు, కాగితం ఎంత తెల్లగా ఉందన్న మాట ఉంటాయి.

కొలబద్ద 0.5 నుంచి 10 దాకా. మొత్తం 25 మెట్లు. 4 అంటే బాగా చదివిన పుస్తకం, 8 అంటే చూడముచ్చటైనది, 9.4 అంటే దాదాపు కొత్తది. 9.9, 10 అనేవి అరుదుగా కనిపిస్తాయి. కొత్త కామిక్స్ కొనేవాళ్ల కళ్లన్నీ 9.8 మీదే.

కాకి పిల్ల కాకికి ముద్దు

నిరాశ మొదలయ్యేది కూడా ఆ 9.8 దగ్గరే. కొన్న రోజునే కవరులో పెట్టి, వెనక అట్టముక్క వేసి, చీకటి అలమరలో దాచిన పుస్తకం కదా, మచ్చ ఎక్కడుంటుందని సేకర్త ధీమా. గ్రేడరు చూపు వేరు. పుస్తకం మడత దగ్గర, పిన్నుల పక్కన, వెంట్రుకంత అడ్డగీతలు ఉంటాయి. తెరిచి మూసినప్పుడు పడేవి అవి. ఆ గీత దగ్గర రంగు లేచిపోయి తెల్లకాగితం కనిపిస్తే మార్కు ఇంకా పడిపోతుంది. మూల కాస్త మొద్దుబారినా, వేలితో పట్టుకున్నచోట చిన్న నొక్కు పడినా, పిన్ను తుప్పు పట్టినా లెక్కలోకి వస్తాయి. ముద్రణాలయంలోనో, రవాణాలోనో పడిన దెబ్బ కొన్నవాడి తప్పు కాదు. అయినా మార్కు పోయేది వాడి పుస్తకానికే.

9.8కీ 9.6కీ మధ్య తేడా కంటికి ఆనదు, జేబుకు బాగా ఆనుతుంది. కొత్త సంచికల్లో చాలావాటికి 9.8 వస్తేనే గ్రేడింగ్ ఖర్చు పోను ఏమైనా మిగులుతుంది. 9.6 వస్తే ఫీజు, రానుపోను తపాలా, బీమా కలిసి పుస్తకం ధరను మించిపోతాయి. చారాణా కోడికి బారాణా మసాలా.

1990ల మొదట్లో కొన్నవారికి ఈ దెబ్బ మరీ గట్టిగా తగిలింది. 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ మొదటి సంచిక 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై రికార్డు సృష్టించింది. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయే 75వ సంచికను నల్ల సంచిలో పెట్టి, చేతికి కట్టుకునే నల్లపట్టీ జోడించి అమ్మారు. పిల్లల కాలేజీ చదువుకు పనికొస్తుందని ఒక్కొక్కరు నాలుగైదు ప్రతులు కొన్నారు, విప్పకుండా దాచారు. అందరూ దాచింది అరుదు కాదు కదా! మొన్నమొన్నటిదాకా అటకల మీద ఉన్న ఆ పెట్టెలు దించి గ్రేడింగ్‌కు పంపినవారికి మంచి మార్కులే వచ్చాయి, డబ్బే రాలేదు.

కత్తెర, పెన్ను, రంగుపెన్సిలు

కొన్ని నిరాశల వెనక చిన్నప్పటి చేతులుంటాయి. 1974లో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచికలో వుల్వరిన్ పాత్ర పూర్తిస్థాయిలో మొదట కనిపిస్తుంది. ఇవాళ అది వేల డాలర్ల పుస్తకం. మార్వెల్ సంస్థ ఆ రోజుల్లో పాఠకుల ఉత్తరాల పేజీలో ఒక బొమ్మ స్టాంపు అచ్చువేసి, కత్తిరించి పుస్తకంలో అంటించుకోమని పిల్లలను ఊరించింది. బుద్ధిమంతులు కత్తిరించారు. అట్ట అద్దంలా మెరుస్తున్నా లోపల ఆ చిన్న ముక్క లేకపోతే గ్రేడు కుప్పకూలుతుంది. లేదా లోపం రాసిపెట్టి ఆకుపచ్చ లేబుల్ వేస్తారు. కంపెనీ మాట విన్న పిల్లవాడు యాభై ఏళ్ల తర్వాత నష్టపోయాడు.

సంతకాల కథ ఇంకొకటి. స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ 2018లో పోయేదాకా వేలమందికి సంతకాలు చేశాడు. ఎదురుగా నిలబడి, కరచాలనం చేసి, అట్ట మీద సంతకం పెట్టించుకున్నవాడికి అది నిధి. సీజీసీ పెట్టుకున్న నియమం మాత్రం వేరు. సంస్థ తరఫు సాక్షి చూస్తుండగా పెట్టిన సంతకానికే పసుపు లేబుల్. సాక్షి లేకపోతే స్టాన్ లీ చేవ్రాత కూడా చాలాకాలం ‘అట్ట మీద రాత’ కిందే జమ అయింది. సీబీసీఎస్ ఈ లోటు చూసి, పాత సంతకాలను నిపుణులతో పోల్చి చూసే ఏర్పాటు తెచ్చింది.

అన్నింటికన్నా భయపెట్టేది ఊదారంగు లేబుల్. ఎప్పుడో, ఎవరో, రంగు లేచిపోయినచోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి ఉంటారు. చిరుగును చక్కగా అతికించి ఉంటారు. బాగుచేశామనే వాళ్లనుకున్నారు. మార్కెట్ దృష్టిలో అది మరమ్మతు చేసిన పుస్తకం, లేబుల్ ఊదా, ధర సగానికి, అంతకన్నా కిందికి. సేకర్తలు దీన్ని మరణశాసనంతో పోల్చి నవ్వుకుంటారు. కొన్నవాడికి ఆ నవ్వు రాదు.

రీవాల్యుయేషన్

మార్కులు నచ్చకపోతే మన పిల్లలు రీవాల్యుయేషన్‌కు పెడతారు. కామిక్స్‌లోనూ అంతే. స్లాబ్ పగలగొట్టి, పుస్తకం బయటకు తీసి, మళ్లీ ఫీజు కట్టి పంపుతారు. 9.4 కాస్తా 9.6 అయి రావచ్చు, 9.2 అయి కూడా రావచ్చు. గ్రేడరు మనిషే. కొలతబద్ద, తూకపురాయి చేతిలో ఉండవు. చూసి, అనుభవంతో బేరీజు వేసి చెప్పే అభిప్రాయం అది.

మళ్లీ పంపేముందు చాలామంది పుస్తకానికి ఇస్త్రీ చేయిస్తారు. కాస్త తేమ, కొంత వేడి, పైన బరువు. రంగు చెడని నొక్కులు, వంపులు దీంతో సర్దుకుంటాయి. దీన్ని మరమ్మతుగా లెక్కించబోమన్నది సీజీసీ వైఖరి. అయితే 2012లో ఈ పని చేసే సంస్థ ఒకటి సీజీసీ ఉన్న గ్రూపులోనే చేరి సీసీఎస్‌గా మారింది. ఇస్త్రీకి ఒక రుసుము, మార్కుకు ఒక రుసుము, రెండూ ఒకే గూటికి చేరడమేమిటని పాతకాపులు ఇప్పటికీ గొణుగుతారు.

సంస్థ వైపు నుంచి తప్పులూ ఉన్నాయి. 2016లో తెచ్చిన కొత్త పెట్టెల్లో ప్లాస్టిక్ పొరల మధ్య ఇంద్రధనుస్సు లాంటి వలయాలు కనిపించి గగ్గోలు పుట్టింది. కరోనా కాలంలో ఇళ్లలో కూర్చున్నవాళ్లంతా పెట్టెలు దించి పంపడంతో పుస్తకాలు నెలల తరబడి వరుసలో ఆగాయి. 2021లో బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థ ఈ గ్రూపులో సింహభాగం కొన్నది. అప్పటి విలువ 50 కోట్ల డాలర్ల పైచిలుకు.

పెద్ద కుదుపు 2023 చివర్లో. పెట్టె పగిలిన ఆనవాలు లేకుండా తెరిచి, మంచి గ్రేడు పుస్తకం తీసి, తక్కువరకం ప్రతి పెట్టి, పాత పెట్టె మార్చమని తిరిగి పంపి కొత్త పెట్టె తెప్పించుకున్న మోసం బయటపడింది. 2024 జనవరిలో సంస్థ అనుమానం ఉన్న సర్టిఫికెట్ నంబర్ల జాబితా బయటపెట్టింది, కోర్టుకు వెళ్లింది, పెట్టెల భద్రత మార్చింది. లేబుల్ చూసి కొనడానికి అలవాటుపడ్డవారు ఆ వారాల్లో భూతద్దం పట్టుకుని తమ పుస్తకాలు తామే చూసుకున్నారు.

మార్కు చెప్పేది, చెప్పనిది

ఇంత తిట్టుకున్నా సేకర్తలు గ్రేడింగ్‌ను వదలరు. ఎందుకో 2025 నవంబరులో మరోసారి తెలిసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో తల్లి చనిపోయాక ఇల్లు సర్దుతున్న ముగ్గురు అన్నదమ్ములకు అటక మీద పాత పేపర్ల కింద అట్టపెట్టెలో కామిక్స్ దొరికాయి. అందులో 1939 నాటి సూపర్‌మ్యాన్ మొదటి సంచికకు సీజీసీ 9.0 ఇచ్చింది. హెరిటేజ్ సంస్థ వేలంలో అది 91.2 లక్షల డాలర్లకు పోయింది. ఆ ముగ్గురినీ ఎరగని మనిషి, పుస్తకం చేత్తో తాకకుండా, అంత సొమ్ము పెట్టగలిగాడంటే ఆ ప్లాస్టిక్ పెట్టె చేసిన పని అది.

ఆ పెట్టె చేయగలిగింది కూడా అంతే. కాగితం స్థితి చెబుతుంది. ఆ సంచిక ఎందరికి కావాలో, ఎన్ని మిగిలాయో చెప్పదు. అవి తేల్చేది మార్కెట్. సేకర్తల నిరాశల్లో ఎక్కువ భాగం ఒకదాన్ని అడగాల్సిన ప్రశ్న ఇంకొకదాన్ని అడగడం వల్ల పుట్టేవే.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పిల్లలు దాచుకున్న కామిక్స్ పెట్టె బేస్‌మెంట్‌లో ఉంటే, పంపేముందు కొన్ని పనులు ఇంట్లోనే చేసుకోవచ్చు. దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పుస్తకాన్ని తిప్పితే నొక్కులు, గీతలు బయటపడతాయి. లోపలి పుటలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. స్టాంపు, కూపన్ కత్తిరించారేమో చూడాలి. 9.8 ధర చూసి మురిసిపోకుండా, 9.2 వస్తే ఎంతకు పోతుందో పాత వేలాల్లో చూడాలి. ఆ ధరకు కూడా ఖర్చు గిట్టుబాటైతేనే పంపాలి. చిరుగు కనిపిస్తే టేపు, జిగురు, రంగు జోలికి అస్సలు పోకూడదు. పుస్తకం మళ్లీ తెరిచి చదువుకోవాలని ఉంటే పంపకపోవడమే మేలు, స్లాబ్‌లోకి వెళ్లిన పుస్తకం అట్ట మాత్రమే కనిపిస్తుంది.

ఇక ఎల్బో లేక్ గోడలో దొరికిన సంచిక. వెనక అట్ట చిరిగి, పదికి ఒకటిన్నర తెచ్చుకున్న ఆ పది సెంట్ల పుస్తకం 2013 జూన్‌లో వేలంలో 1,75,000 డాలర్లకు అమ్ముడైంది. దాన్ని దాచిన ఇంటి ధరకు అది పదిహేడు రెట్లు.