గండికోట యిండ్లు – రాత్రి యద్దెలు

అతిథి యనగా తిథివార నియమము లేక వచ్చువాడని పెద్దలు చెప్పుదురు. ఇప్పటి బాటసారి తిథియే కాదు, గంటయు ముందుగనే తెలిపి, చేతిఫోనులో గది బొమ్మ చూచుకొని, సొమ్ము చెల్లించి మఱి వచ్చుచున్నాడు. వీనిని అతిథి యందుమా, అద్దెదారు డందుమా? సోదరీమణులారా, ఇది నిఘంటువుతో తీరు సందేహమే యైనచో నేను కలము పట్టియుండను. ఇండ్లను రాత్రికింతయని అద్దెకిచ్చు పద్ధతికి కట్టుబాట్లు చేయదలచిన పంచాయతీలకును, పురపాలక సంఘములకును మొట్టమొదట ఎదురగు చిక్కు ఇదియే.

మన జిల్లాలో ఈ ప్రశ్న గండికోట దారిన వచ్చుచున్నది. జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱుచుండ, ఆ లోయ యంచున కోటయు, కోట లోపల ఊరును గలవు. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారము చూడవచ్చువారు సంసారు లున్న యిండ్ల ప్రక్కనుండియే నడువవలయును. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే మీర్ జుమ్లాకు రత్నములు అమ్మజూపుటకై యీ కోటకు వచ్చెను. నేడు బెంగుళూరువారు కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా శని ఆదివారములకు వచ్చుచున్నారు. లోయపై సూర్యోదయము చూడవలెనని వారి కోరిక. కావున రాత్రి యచ్చటనే నిలువవలయును. పర్యాటకశాఖవారి హరిత హోటలు గలదు, గుడారములు గలవు. అవి చాలనినాడు ఊరివారి యిండ్లవైపు చూపు మరలుట సహజమే. 2024 నవంబరులో కేంద్రము గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది గనుక రాకపోకలు ఇంకను హెచ్చునేకాని తగ్గవు. రక్షిత కట్టడములకు 100 మీటర్లలోపల క్రొత్త నిర్మాణములు కూడదనియు, అటుపైని మఱి 200 మీటర్లవఱకు అనుమతి లేక కట్టరాదనియు 2010 నాటి చట్టము చెప్పుచున్నది. అనగా కోటలో క్రొత్త మేడలు లేచుటకంటె, ఉన్న యిండ్లే విడుదులగుట సులువు.

ఇచ్చట రెండు విధముల యిండ్లను వేఱుచేసి చూడవలయును. ఇల్లాలు, పిల్లలు కాపురముండగా ముందు గది నొకటి పరులకిచ్చి, సంగటియో జొన్నరొట్టెయో వండి పెట్టి, నాలుగు రూకలు గడించుకొను ఇల్లు ఒకటి. యజమాని యెచ్చటనో యుండి, తాళపుచెవి కిటికీ మీద పెట్టించి, వారమువారము క్రొత్త మూకకు వదలివేయు ఇల్లు రెండవది. రెంటికిని ఒకటే పేరు పెట్టి ఒకటే నిబంధన వ్రాసినచో మొదటి యింటికి అన్యాయము, రెండవ యింటికి మేలు జరుగును.

రెండవ విధమైన యిల్లు ప్రొద్దుటూరువంటి పట్టణములలో నివాసపు వీథిని తాకినప్పుడు దాని బరువు మొదట మోయునది ప్రక్కయింటి స్త్రీ. అర్ధరాత్రి కార్ల తలుపుల చప్పుడు, తెల్లవారి గుమ్మము ముందఱ సీసాలు, పేరడిగిన చెప్పువారు లేకపోవుట! ఇంకొకటి కలదు. రాత్రి యద్దె నెలయద్దెను మించిపోయినచో, బదిలీమీద వచ్చిన పంతులుకును, ఆసుపత్రి నర్సుకును ఇల్లు దొరకదు. మా యింటివారు బడిపంతులు గనుక బదిలీకాలమున ఇల్లు వెదకుట యెట్టిదో నాకు ఒకరు చెప్పనక్కఱలేదు.

ఈ తగవు పరదేశములలో మనకంటె ముందే ముదిరినది. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరునుండి అమలుపఱచిన కట్టడి ప్రకారము ముప్పది దినములకు లోబడి ఇల్లు అద్దెకిచ్చువారు నగరమున పేరు నమోదు చేయించుకొని, తామును ఆ యింటనే యుండవలయును. ఇద్దఱికంటె ఎక్కువమందిని ఉంచుకొనరాదు. బార్సిలోనా నగరాధ్యక్షుడు 2024 జూనులో ఇంకను కఠినముగా, అచ్చటి 10,101 యాత్రికుల యిండ్ల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగింతుమని ప్రకటించెను. బార్సిలోనా మందు మన జబ్బుకు మితిమీఱినదని నా యభిప్రాయము. అచ్చట యాత్రికుల పోటున నగరవాసులకు ఇల్లు కఱవైనది. గండికోటలో నింకను కఱవైనది కూలి. వచ్చెడి నాలుగు రూకలను త్రోసిపుచ్చుట ధర్మము కాదు.

మన కేంద్ర పర్యాటకశాఖ గృహవిడుదుల పథకములోను సారము ఇదియే: ఒకటి మొదలు ఆఱు గదులవఱకు, యజమాని కుటుంబము ఆ యింటనే కాపురముండవలయును. విదేశీయులు బసచేసినచో 24 గంటలలోపల అధికారులకు తెలుపుటయు కలదు. పంచాయతీలు ఈ ‘కాపురముండుట’ అను మాటను గట్టిగా పట్టుకొన్న చాలును. గడపలో ఇల్లాలు నిలిచియున్న యింట వచ్చినవాడు కొంతవఱకైనను అతిథియే. ఆమె లేని యింట వాడు వట్టి బేరగాడు.

అయితే ఆ యిల్లాలి మాట యేమి? మను చరిత్రములో ప్రవరుని భార్య యెందఱు వచ్చినను విసుగులేక వండిపెట్టునని పెద్దనగారు మెచ్చుకొనిరి. ఆయన మన కడపసీమ కోకట గ్రామమును అగ్రహారముగా పొందినవారు గనుక ఆయనతో చనువుగా ఒక మాట అనవచ్చును: ఆ సాధ్విని మాత్రము ఎవ్వరును అడిగినట్లు లేదు. ఇప్పుడు అడుగవలయును. గది అద్దెకిచ్చుట పురుషుని సంతకముతో జరుగును. దుప్పట్లుతుకుట, పొయ్యి రాజేయుట, వేసవిలో బిందెలతో నీరు మోయుట ఆమె చేతులమీదుగా జరుగును. నమోదుపత్రము ఆమె పేరనే యుండవలెననియు, సొమ్ము ఆమె బ్యాంకుఖాతాలో పడవలెననియు పంచాయతీ పట్టుపట్టవచ్చును. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకే కేటాయింపబడియున్నవి. ఈ మాట తెచ్చుటకు నోరు లేకపోలేదు.

గ్రామసభ కూడిననాడు పెద్దలు కోటనుగూర్చి, కొత్త రోడ్డునుగూర్చి మాటలాడుదురు. ఆ వెనుక వరుసనుండి లేచి అడుగవలసినవి కొన్ని కలవు. పదిమంది బసచేసిన రాత్రి నీరు ఎవరి కుళాయినుండి వచ్చును? మఱునాటి చెత్త ఎత్తువారికి కూలి విడిదియింటివారిత్తురా, ఊరివారిత్తురా? ప్రక్కయింట ఒంటరిగా నున్న ముసలమ్మ తలుపు అర్ధరాత్రి ఎవడైన తట్టినచో ఆమె ఏ ఫోను నంబరుకు చెప్పుకొనవలయును? ఆ నంబరు విడిది గుమ్మముపైన పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఖర్చు ఒక డబ్బా రంగు మాత్రమే.