అబ్షాలోము తల్లిదండ్రులు

దక్షిణాఫ్రికా రచయిత ఆలన్ పేటన్ 1948లో వెలువరించిన 'క్రై, ద బిలవెడ్ కంట్రీ' అనే నవల ఒక పల్లెటూరి పాస్టరుగారి కుటుంబ కథ. ఆయన పేరు స్తెఫను కుమాలో. జులు జాతివాడు. నేటాల్ ప్రాంతములోని న్డోట్షెని అనే చిన్న ఊరిలో సంఘ కాపరి. నేటాల్ పేరు మన వారికి బొత్తిగా కొత్త కాదు. 1860 మొదలుకొని మద్రాసు రేవులో ఓడ ఎక్కి అక్కడి చెరకు తోటలకు కూలికి వెళ్లిన వారిలో తెలుగువారు కూడ అనేకులున్నారు.

పాస్టరుగారికి ఒక్కడే కొడుకు. పేరు అబ్షాలోము. దావీదు మహారాజు కడుపుకోత ఎరిగిన మనకు ఆ పేరు వినగానే మనసు కలుక్కుమంటుంది. మేనత్తను వెదకుటకు జోహన్నెస్‌బర్గ్ పట్టణానికి వెళ్లిన ఆ పిల్లవాడు తిరిగి రాలేదు, ఉత్తరములు కూడ మానివేశాడు. ఇంతలో ఆ చెల్లెలికి బాగులేదని పట్టణము నుండి కబురు వచ్చింది. ప్రయాణానికి డబ్బు లేదు. అబ్షాలోము చదువు కొరకు డబ్బాలో కూడబెట్టిన 12 పౌన్ల 5 షిల్లింగుల 7 పెన్నీలను పాస్టరమ్మగారు బయటికి తీశారు. ఆ సొమ్ము ముట్టుకున్నామంటే వాడిక చదువుకోడని ఒప్పుకొన్నట్లే. ఆ మాట భార్య నోట వచ్చేసరికి భర్త తట్టుకోలేకపోయాడు. కథలో హత్య జరగడానికి ఎంతో ముందే ఆ ఇంట దుఃఖము మొదలైనదని మాకనిపిస్తుంది.

పిల్లలు ఎందుకు వెళ్లారు? ఆ దేశములో మూడింట రెండు వంతులకు పైగా ప్రజలు నల్లవారు. 1913 నాటి భూమి చట్టము వారికి విడిచిపెట్టినది నూటికి ఏడు వంతుల నేల మాత్రమే. 1936లో దానిని సుమారు పదమూడు వంతులు చేశారు. ఆ కొద్ది నేల కొట్టుకుపోయి రాయి తేలింది. మగవారు బంగారు గనులకు వెళ్లి, భార్యాబిడ్డలను తెచ్చుకొను వీలులేని మగవారి కొట్టాలలో బ్రదికారు. ఊళ్లో ముసలివారు, స్త్రీలు, పసివారు మిగిలారు. ఇల్లు ఇలా విడిపోయిన తరువాత పెంపకము బాగులేదని తల్లిదండ్రులను నిందించుట ఎంత సులభము!

పట్టణములో అబ్షాలోము మరి ఇద్దరితో కలిసి ఒక తెల్లవాని ఇంట దొంగతనానికి జొరబడి, భయముతో తుపాకి పేల్చాడు. చనిపోయిన ఆర్థర్ జార్విస్ నల్లవారి న్యాయము కొరకే పాటుపడుచున్నవాడు. అతని తండ్రి జేమ్స్ జార్విస్ న్డోట్షెని పైనున్న కొండమీది రైతు. పాస్టరుగారు ఆయనను దారిలో చూచి ఎరిగినవాడే గాని ఏనాడూ మాటలాడినవాడు కాడు. జాతి భేదము ఇరుగుపొరుగును ఎంత దూరము చేయగలదో చూడండి!

ఒకనాడు వేరొక పనిమీద ఒక ఇంటి తలుపు తట్టిన పాస్టరుగారికి ఆ జార్విస్ ఎదురయ్యాడు. ముసలాయన వణకిపోయి మెట్టుమీద కూర్చుండిపోయాడు. దాచవచ్చును, దాచలేదు. మీ కుమారుని చంపినది నా కుమారుడేనని చెప్పాడు. ఆ తండ్రి తోటలోనికి నడచి, కొంతసేపు ఒంటరిగా నిలిచి, తిరిగి వచ్చాడు. తనకు కోపము లేదన్నాడు.

స్వంత తమ్ముడు జాన్ చేసినది వేరు. తన కొడుకు అక్కడ లేనేలేడని వకీలు చేత వాదింపించి విడిపించుకొన్నాడు. నిజము ఒప్పుకొన్న అబ్షాలోముకు ఉరి పడినది. ఒకే కష్టము తెల్లవానిని దగ్గర చేసి తోడబుట్టినవానిని దూరము చేసింది.

తరువాత జార్విస్ ఊరి పసిపిల్లలకు పాలు పంపాడు, వ్యవసాయము నేర్పు యువకుని రప్పించాడు. అతని భార్య కూడ చనిపోయింది. న్డోట్షెనిలో క్రొత్త దేవాలయము కట్టించమనుట ఆమె కడపటి కోరికలలో ఒకటి. కుమాలో మరీ అణకువ గలవాడని, తెల్లవాని దయతోనే అంతా సరిపెట్టారని ఈ నవలను విమర్శించినవారున్నారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయితే ఆ వ్యవసాయపు యువకుని చేతనే రచయిత జవాబు చెప్పించాడు. మనకు ఇంత కొంచెము నేల మిగిల్చినది ఎవరని అతడు పాస్టరుగారినే అడుగుతాడు. పాలు దయ, నేల న్యాయము. ఒకటి ఇచ్చి రెండవది ఎగవేయరాదు. ఈ నవల వచ్చిన 1948లోనే అక్కడ వర్ణవివక్ష ప్రభుత్వ విధానమైనది. ఆ భూమి చట్టము రద్దగుటకు 1991 వరకు ఆగవలసివచ్చింది. నల్లవారందరు ఓటు వేసినది 1994లో.

పాస్టరమ్మగారిని గూర్చి ఎక్కువమంది వ్రాయరు. చెరసాలలో కొడుకు పెండ్లాడిన ఆ నిండు చూలాలిని ఆమె ఇంటిలో చేర్చుకొని కూతురువలె చూచుకొన్నది. ఉరి తీయు దినమునకు ముందటి రాత్రి భర్త కొండమీద ప్రార్థనకు బయలుదేరాడు. ఆమె కోడలిని ఒంటరిగా విడువజాలక ఇంటనే ఉండిపోయింది. తెల్లవారుజామున ఆయన తాను తెచ్చుకొన్న మొక్కజొన్న రొట్టెలను, తేనీటిని రాతిమీద పెట్టి, స్తుతులు చెల్లించి, విరిచి తిన్నాడు. తూర్పు తెల్లబడుచున్నది.